పిట్టకు పెట్టిన మందు

లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున, ఇసుకలో పరిచిన మోదుగాకుల విస్తరిలో ఉడికించిన కోడిగుడ్లు, చికెన్ బిర్యానీ, మిర్చి బజ్జీలు, మూత తీసిన కూల్‌డ్రింకు సీసా ఉన్నాయి. మా ప్రాంతంలో దినం చేసేటప్పుడు పోయినవారికి ఇష్టమైనవన్నీ అలా పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా బంధువులందరూ దూరంగా జరిగి నిలబడతారు. దానిని పిట్టకు పెట్టడం అంటారు. పిట్ట ముట్టకపోతే పోయినవారి మనసులో ఏదో కోరిక మిగిలి ఉన్నదని భావిస్తారు. అప్పుడు ఇంటివారు ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని అందరి ముందూ గట్టిగా మాట ఇస్తారు. అలా ఇచ్చిన మాటను తప్పడానికి వీలులేదు.

ఆ విస్తరి సాగర్‌ది. కరీంనగర్‌లో మా ఇంటి పైగదిలో అద్దెకుండేవాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉంటుంది కనుక, ఈ జిల్లాల పిల్లలు కరీంనగర్‌కు వచ్చి గదులు తీసుకొని, తెల్లవారగానే మానేరు డ్యాం కట్ట మీద పరుగెత్తుతారు. సాగర్ రెండుసార్లు ఆ పరీక్షలో కొద్దిలో తప్పాడు. "టీచరమ్మా, ఇంకోపాలి తప్పిన్ననుకో, మీ గేటు కాడ వాచ్‌మెన్ కొలువు నాకే ఇయ్యాలె. జీతం వద్దు, రోజు రెండు తిట్లు సాలు" అనేవాడు. నేను కళాశాలలో ఔషధశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదానిని. నా మాట తీరును అనుకరించి మేడ మీది స్నేహితులను నవ్వించడం అతనికి సరదా. "మేడం మాట్లాడుతుంటె రేడియోల వార్తలు ఇన్నట్టే ఉంటదిరా" అని అతడు అంటుండగా నేనే విన్నాను. కోపం తెచ్చుకోవాలనుకున్నాను, కానీ రాలేదు.

నేను కంటి ఆపరేషన్ కోసం హైదరాబాదులో మా చెల్లెలి ఇంట ఉన్న రోజుల్లో, ఒక ఉదయం కట్ట మీద పరుగెత్తుతూ సాగర్ కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. గుండె ఆగిందన్నారు. పోస్టుమార్టం మాట వచ్చినప్పుడు అతని తండ్రి బుచ్చిరాములు చేతులు జోడించాడట. "గుండె ఆగిందని మీరే అనవడితిరి. మల్ల కోసుడెందుకు సార్? నా కొడుకును సక్కగ నాకియ్యిండ్రి." ఆయన బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని చేసి రిటైరైన మనిషి. కప్పు కూలి నలిగిన శరీరాలను బయటికి మోసినవాడు. కొడుకు శరీరం మీద కత్తి పడకుండా కాపాడగలిగానన్న తృప్తి ఆ రోజు ఆయనకు మిగిలింది.

దినానికి నేను వెళ్లాను. విస్తరిలో అన్నీ పెట్టడం పూర్తయ్యాక, సాగర్ తల్లి సారక్క కొంగు ముడి విప్పి ఒక చిన్న గాజుసీసా బయటికి తీసింది. రబ్బరు బిరడా, దాని మీద అల్యూమినియం మూత ఉన్న సూదిమందు సీసా అది. అడకత్తెర మొనతో ఆ మూతను పెళ్లగిస్తుండగా, బుచ్చిరాములు అక్క రామవ్వ అడిగింది.

"ఏందే అది?"

"బలం మందు వదినె. ఫోన్ల చెప్తుండె పోలగాడు. అవ్వా, గీ బలం మందు పడ్డదంటె కాళ్లు నావి కావే, గుర్రానివి అని. బ్యాగుల ఒక్కటే మిగిలింది. బువ్వ కన్న దీని మీదనే ఉండె వాని పానం."

బిరడా తీసి, సీసాను విస్తరి మీద బోర్లించింది. రంగులేని ఆ ద్రవం కోడిగుడ్ల పక్క నుంచి పారి ఇసుకలో ఇంకిపోయింది. తల్లి చేతి నుంచి కొడుకు తినే చివరి వస్తువు అన్నట్టుగా, సీసా అడుగును వేలితో తట్టి ఆఖరి చుక్కను కూడా రాల్చింది.

"సారక్కా, ఆ సీసా ఒకసారి నాకు ఇవ్వండి" అన్నాను.

చేతిలోకి తీసుకొని వెలుతురుకు పెట్టాను. పెద్ద అక్షరాలు చదవగలిగాను. మెఫెంటర్మైన్. దాని కింద తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య చీమ తలలంత అక్షరాలలో ఉన్నాయి. వాటిని చదవడానికి కళ్లజోడు సర్దుకుంటున్నాను, అంతలో రామవ్వ నా చేతిలోంచి సీసాను తీసుకున్నది. "పిట్టకు పెట్టింది మల్ల పట్టుకోవద్దు మేడం. గా సీసా ఇంటికి రావద్దు." ఆగమని నేను అనేలోగానే అది గోదావరిలో పడింది. ఆమె తప్పు లేదు. ఆ ఒడ్డున నిలబడినవారిలో నాకు తప్ప ఎవరికీ ఆ సీసాకు విలువ ఉన్నదని తెలియదు.

కాకులు వచ్చాయి. కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి. కిందికి మాత్రం దిగలేదు.

"నీ బండి అమ్మంరా సాగరూ!" అని మేనమామ అరిచాడు. కాకి కదలలేదు. "నీ చెల్లె మమతారాణిని నౌకరి దాక సదివిపిస్తం బిడ్డా!" అన్నది రామవ్వ. ఒక కాకి రెక్కలు దులుపుకొని మళ్లీ సర్దుకొని కూర్చున్నది. ఎండ ఎక్కుతున్నది. బుచ్చిరాములు నా వైపు తిరిగాడు.

"మేడం, గా సీసాను సూసి మీ మొకం మారింది. ఏం మందది?"

అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. "అది బలం మందు కాదు. ఆపరేషన్ బల్ల మీద రక్తపోటు పడిపోయిన మనిషికి డాక్టరు దగ్గరుండి ఇచ్చే మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. పరుగెత్తే పిల్లవాని గుండెను అది ఆపగలదు."

సారక్క తనలో తాను చెప్పుకుంటున్నట్టుగా అన్నది. "గ్రౌండు కాడి మెడికల్ షాపు విజయేందర్ సారు ఇస్తున్నడని చెప్పిండు. మంచి సారట. అడిగినప్పుడల్లా ఇస్తడట."

బుచ్చిరాములు ఇసుకలో నాలుగడుగులు ముందుకు వేసి, తీగ మీది కాకుల వైపు తలెత్తాడు. "సాగరూ! నీకు గా మందు అమ్మినోన్ని ఇడువ కొడుకా. జేలుల ఏపిస్త. నీ మీదొట్టు."

పెద్ద కాకి ఒకటి దిగివచ్చి గుడ్డును ముక్కుతో పొడిచింది. "ముట్టింది! పిట్ట ముట్టింది!" అంటూ అందరూ ఒక్కసారిగా ఏడ్చారు. సారక్క ఇసుకలో కూలబడింది. కాకులు ఎందుకు దిగుతాయో, ఎందుకు దిగవో నాకు తెలియదు. తండ్రి కొడుక్కు మాట ఇచ్చాడని, ఆ మాట నిలబెట్టుకోవడానికి కావలసిన ఒకే ఒక్క వస్తువు నది అడుగుకు చేరిందని మాత్రం నాకు తెలుసు.

మరునాడే నేను ఆ దుకాణానికి వెళ్లాను. విజయేందర్ నలభై ఏళ్ల మనిషి. నున్నగా దువ్విన తల, వినయమైన చేతులు. నేను విషయం చెప్పగానే కుర్చీ తెప్పించాడు.

"అమ్మా, పోలగాడు పోయినందుకు నాకు గూడ మస్తు బాధున్నది. కని మీరే చెప్పుండ్రి, మందుల దుకాణంల మందులు కాక పకోడీలు అమ్ముతరా?"

"డాక్టరు చీటీ చూశారా?"

"కరీంనగర్‌ల చీటీ సూసి మందులమ్మే దుకాణం ఒక్కటి సూపెట్టుండ్రి, రేపే నాది బందు పెడ్త. కూసోండ్రి అమ్మా, నిలవడ్డరేంది? బీపీ గోలీలు గిన కావాల్నా?"

బుచ్చిరాములు చేత నేనే ఫిర్యాదు చేయించాను. పోలీసులు దుకాణం వెనుక గదిలో అట్టపెట్టె నిండా అవే సీసాలను పట్టుకున్నారు. తమ దగ్గరున్న పరీక్ష పట్టీ మీద చుక్క వేస్తే, మెథాంఫెటమైన్ జాతి ఉత్తేజకానికి వచ్చే గుర్తు వచ్చింది. ఇన్‌స్పెక్టరు సంబరపడ్డాడు. మత్తు పదార్థాల చట్టం కింద కేసు పెట్టి విజయేందర్‌ను జైలుకు పంపాడు. ఆ చట్టం కింద అంత తొందరగా బెయిలు రాదు. బుచ్చిరాములు ఫోను చేసి, "మాట నిలవడ్డది మేడం" అన్నాడు. ఆ గొంతులోని తేలికదనాన్ని విని నేను ఏమీ అనలేకపోయాను. అలాంటి పట్టీలు దగ్గరి పోలికలున్న అణువులన్నింటికీ మోసపోతాయి. అసలు ప్రయోగశాల మోసపోదు. దాని నివేదిక ఏమని వస్తుందో, ఆ పట్టీ మీద గుర్తు వచ్చిన రోజే నాకు తెలుసు.

విచారణకు ముందు సాయంత్రం భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. సారక్క సర్వపిండి చేసి డబ్బాలో తెచ్చింది. పైగదికి వెళ్లే మెట్ల వైపు ఒక్కసారి చూసి, అటు వీపు పెట్టి కూర్చున్నది.

"మేడం, నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి" అన్నది. "వాడు బలమొస్తదనే గదా తీసుకున్నడు? బలమొచ్చింది గూడ. ఉరికిండు గూడ. మల్ల ఎట్ల సచ్చిండు?"

నేను నా విద్యార్థులకు చెప్పినట్టే చెప్పాను. "ఆ మందులో బలం లేదు సారక్కా. మన నరాల చివరలలో, గుండెను వేగిరపరిచే ఒక రసాయనం చిన్న చిన్న సంచులలో నిల్వ ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు శరీరం దానిని కొంచెం కొంచెంగా వాడుకుంటుంది. ఈ మందు లోపలికి పోయి ఆ సంచులను ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది, నాళాలు బిగుసుకుంటాయి, అలసట తెలియదు. మనిషికి బలం వచ్చినట్టే ఉంటుంది. నిజానికి అది మనిషి సొంత సొత్తే. కొన్నాళ్లకు నిల్వ తరిగిపోతుంది, అదే మోతాదు పనిచేయదు. అప్పుడు పిల్లలు ఇంకా ఎక్కువ తీసుకుంటారు. సంచులు ఖాళీ, మందు ఎక్కువ. మధ్యలో గుండె కండరం దెబ్బతింటుంది, దాని లయ తప్పుతుంది."

బుచ్చిరాములు నేల చూస్తూ అన్నాడు. "బాయిల బొగ్గంత తీసినంక ఆఖరుకు పిల్లర్లు గూడ తీస్తం మేడం. కప్పును మోసే బొగ్గు స్తంభాలు. అండ్ల గూడ బొగ్గే ఉంటది గదా. మస్తు వస్తది ఆ షిఫ్టుల. తీసుకుంట ఎనుకకు ఉరుకాలె. ఉరుకనోని మీద కప్పు పడ్తది." భార్య వైపు తిరిగి, "నా కొడుకు ముంగటికి ఉరికిండు" అన్నాడు.

సారక్క కళ్లు తుడుచుకొని నా చేయి పట్టుకున్నది. "ఊర్ల అందరు మత్తుగాడు, మత్తుగాడు అంటున్నరు మేడం. నీళ్ల కాడ మొకమ్మీదనే అడుగుతున్నరు, నీ కొడుకు డ్రగ్సు తింటుండెనటనే అని. వాడు బీరు గూడ తాగకపోవు. రేపు మీరు కోర్టుల చెప్పాలె, నా కొడుకు మత్తుగాడు కాదని. గా దుకాణపోడు బయటికి రావద్దు. గంతే."

"గంతే" అన్న ఆ మాటలో ఎంత ఉన్నదో ఆమెకు తెలియదు. సాగర్ తీసుకున్నది మత్తు పదార్థమైతేనే విజయేందర్ లోపల ఉంటాడు. అది మత్తు పదార్థం కాకపోతేనే సాగర్ పేరు మిగులుతుంది. ఆమె ఒక్క చేతితో అడిగిన రెండింటిలో నేను ఇవ్వగలిగినది ఒక్కటే. ఏది ఇవ్వాలో నిర్ణయించేది కూడా నేను కాదు.

"మీరు నిజమే చెప్తరు గదా" అన్నాడు బుచ్చిరాములు.

"నిజమే చెబుతాను."

"గది సాలు."

ఇంకొక నిజాన్ని మాత్రం చెప్పకుండా దాచుకున్నాను. సాగర్‌ను పెద్ద ఆపరేషన్ చేసే తీశారని సారక్క మాటల్లో ఒకసారి చెప్పింది. వెన్నులో మత్తుసూది ఇచ్చాక తల్లి రక్తపోటు పడిపోతే, మళ్లీ పైకి తేవడానికి ఇచ్చే మందులలో ఇది ఒకటి. కొడుకు పుట్టిన రోజున ఆమెను నిలబెట్టినది బహుశా ఇదే కావచ్చు. ఆ మాట విని ఆమె ఏం చేసుకుంటుంది?

కోర్టులో మొదట సారక్కను పిలిచారు. విజయేందర్ తరఫు న్యాయవాది గొంతు తేనెలా ఉన్నది.

"సీసా ఏది అవ్వా?"

"పిట్టకు పెట్టిన సార్."

వెనుక బెంచీలలో ఎవరో నవ్వారు. "పిట్టకు పెట్టినవా! మరి పిట్ట తాగిందా?"

"ఇసుకల ఇంకింది. సీసా గోదాట్ల ఏసినం."

"అంటే సాక్ష్యం చెప్పడానికి గోదారి రావాలె, లేకుంటె పిట్ట రావాలె" అన్నాడాయన. ఈసారి నవ్వు పెద్దదైంది. నేను వెనక్కి తిరిగి చూశాను. అలా చూస్తే నా తరగతిలో నిశ్శబ్దం ఆవరించేది. అక్కడ ఎవరూ నన్ను గమనించలేదు.

తరువాత నేను బోనులో నిలబడ్డాను. ప్రభుత్వ న్యాయవాది వందన చిన్నపిల్ల, చురుకైనది. నా చదువు, నా అనుభవం, ఆ రోజు నేను చదివిన పేరు, అన్నీ వరుసగా చెప్పించింది. తరువాత విజయేందర్ న్యాయవాది లేచాడు.

"అమ్మా, గోదావరి ఒడ్డున మీరు సీసా చదివే నాటికి మీకు కంటి ఆపరేషన్ అయింది గదా?"

"అయింది. అందుకే స్పష్టంగా కనబడింది."

"మరి కంపెనీ పేరు?"

"చదవలేదు."

"బ్యాచి సంఖ్య?"

"చదివేలోగా తీసుకున్నారు."

"అంటే ఆ సీసా మా క్లయింటు దుకాణంలోదేనని మీరు చెప్పలేరు."

"చెప్పలేను."

"సంతోషం. ఇప్పుడు మీ పాఠం. దుకాణంల దొరికినయి మెథాంఫెటమైన్ సీసాలా?"

"కాదు. ప్రయోగశాల నివేదిక సరైనదే. అది మెఫెంటర్మైన్."

"రెండింటికి తేడా ఉన్నదా?"

"ఒకే చోట ఉన్నది. మెథాంఫెటమైన్‌లో ఒక హైడ్రోజన్ ఉన్న చోట దీనిలో ఒక మిథైల్ సమూహం ఉన్నది. అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు."

"అంటే వేరే పదార్థం."

"వేరే పదార్థమే. కానీ..."

"మత్తు పదార్థాల చట్టం జాబితాలో దీని పేరున్నదా?"

"లేదు. అయినా ఆ జాబితా..."

"అడిగినదానికి జవాబు సాలమ్మా. ఆపరేషన్లల్ల మనుషుల పానాలు కాపాడే మందేనా ఇది?"

"అవును."

"ఇది మత్తు పదార్థమా?"

నేను న్యాయమూర్తి వైపు తిరిగాను. "అయ్యా, ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం అన్యాయం. శరీరానికి చట్టం జాబితా తెలియదు. ఈ రెండు అణువులూ గుండె తలుపు తట్టే తీరు ఒక్కటే. అలవాటు చేసేదీ..."

"అమ్మా" అన్నారు న్యాయమూర్తి మెల్లగా. ఆ గొంతులో విసుగు లేదు. "మీరు చెప్పేది నాకు అర్థమవుతున్నది. చట్టం ప్రకారం అడుగుతున్నారు. అవునా, కాదా?"

నేను ప్రమాణం చేసి ఉన్నాను. విజయేందర్ చేతులు కట్టుకొని, పాఠం వింటున్న విద్యార్థిలా నా వైపు చూస్తున్నాడు. సారక్క కూడా చూస్తున్నది.

"చట్టం ప్రకారం, కాదు" అన్నాను.

అంతే. డ్రగ్స్ కేసు నిలబడలేదు. చీటీ లేకుండా అమ్మిన నేరం వేరే కోర్టుకు వెళ్లింది. జరిమానాతో ముగిసిపోయే నేరం అది. పోస్టుమార్టం లేదు, సీసా లేదు కనుక సాగర్ మరణానికీ ఆ దుకాణానికీ సంబంధం రుజువు కాలేదన్నారు. అందులో ఒక్క వాక్యం కూడా తప్పు లేదు. నేను న్యాయమూర్తి స్థానంలో ఉన్నా అదే రాసేదానినేమో. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు అన్నం సహించదు.

వరండాలో సారక్క నా రెండు చేతులూ కళ్లకద్దుకున్నది. "మీరు సల్లగుండాలె మేడం. అందరి ముంగట చెప్పిండ్రు, మత్తు మందు కాదని. జడ్జి సారు గూడ ఒప్పుకున్నడు. ఇగ ఎవ్వల నోరు లేస్తదో సూస్త." కోర్టు విజయేందర్‌ను విడిచిపెట్టిందని అప్పటికి ఆమెకు అర్థం కాలేదు. బుచ్చిరాములుకు అర్థమైంది. ఆయన స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు.

"మేడం, కార్బన్ అంటిరి గదా. కార్బన్ అంటె బొగ్గే గదా?"

"అవును. బొగ్గులో ఉన్నది అదే."

"టబ్బులకు టబ్బులు బొగ్గు తీసిన. జిందగీ అంత తీసిన." ఆయన తన అరచేతులను తిప్పి చూసుకున్నాడు. గీతలలో నల్లదనం ఇంకా పోలేదు. "ఒక్క బొగ్గు రవ్వ ఎక్కువున్నదని ఇడిసిపెట్టిండ్రా వాన్ని?"

"రవ్వ కూడా కాదు" అన్నాను. "కంటికి కనబడదు."

అప్పుడు సారక్క మా ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూసింది. "ఇడిసిపెట్టిండ్రా?" అన్నది. "మేడం చెప్పినంక గూడనా?"

మెట్ల దగ్గర విజయేందర్ నాకు ఎదురై నమస్కారం పెట్టాడు. "మస్తు పెద్దమనిషి అమ్మా మీరు. ఉన్నది ఉన్నట్టు చెప్పిండ్రు." వెక్కిరింపుగా అన్నాడో, మనస్ఫూర్తిగా అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మనస్ఫూర్తిగానే అన్నాడనుకుంటే ఇంకా భరించలేకుండా ఉంటుంది.

ఆ తరువాత నేను ఊరుకోలేదు. ఆ మందును జాబితాలో చేర్చాలని కోరుతూ అధికారులను కలిశాను. హైదరాబాదులో ఒక యువ అధికారి శ్రద్ధగా విని, ఆపరేషన్ థియేటర్లలో అవసరమైన మందును జాబితాలో చేరిస్తే జిల్లా ఆసుపత్రులలో కొరత వస్తుందని, బాలింతలు ఇబ్బంది పడతారని చెప్పాడు. అతడు చెప్పినదీ అబద్ధం కాదు. నేను ఎవరి దగ్గరకు వెళ్లినా, వారు చెప్పినది నిజమేనని ఒప్పుకొని మెట్లు దిగవలసి వచ్చింది. డ్యాం కట్ట మీద పిల్లలు పరుగెత్తుతూనే ఉన్నారు. గ్రౌండు దగ్గరి దుకాణానికి కొత్త బోర్డు వచ్చింది.

రెండవ సంవత్సరీకానికి సారక్క ఫోను చేసి రమ్మన్నది. వెళ్లాను.

అదే ఒడ్డు. విస్తరిలో గుడ్లు, బిర్యానీ, బజ్జీలు, కూల్‌డ్రింకు. ఈసారి సీసా లేదు. సారక్క అన్నీ సర్ది, నాలుగు నీటిచుక్కలు చల్లి, వెనక్కి జరిగింది. కాకులు వచ్చి తీగ మీద కూర్చున్నాయి. మేము వేచి చూశాము.

ఒక్కటీ దిగలేదు.

రామవ్వ తమ్ముని వైపు చూసింది. మేనమామ చూశాడు. చదువు మాని బట్టల దుకాణంలో పనికి కుదిరిన మమతారాణి చూసింది. ఎవరో ఒకరు మాట ఇవ్వాలి. ఏం మాట మిగిలింది? బుచ్చిరాములు ఇసుకలోకి రెండడుగులు వేసి, తలెత్తి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"దినం నాడు జేలుల ఏపిస్తనన్న మేడం. ఇప్పుడు ఏమని చెప్పాలె?"

నేను తీగ మీది కాకుల వైపు చూశాను.

"ఉన్నడని చెప్పు" అన్నది సారక్క. అందరూ ఆమె వైపు తిరిగారు. "జేలుల్నే ఉన్నడని చెప్పు. పిట్టకేం ఎరుక?"

"నా నోట రాదే" అన్నాడు బుచ్చిరాములు. "వానికి నా గొంతు తెలుస్తది. అబద్ధమాడితే చిన్నప్పుడే పట్టుకుంటుండె."

సారక్క నా ముందుకు వచ్చింది. ఆమె చూపులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. "మీరు చెప్పుండ్రి మేడం. మీరు కాదంటె జడ్జి సారే ఇన్నడు. మీ మాట వాడు గూడ ఇంటడు. మీరు అబద్ధం చెప్పరని వానికి తెలుసు."

ఎండ ఎక్కుతున్నది. ఆకులు అంచుల దగ్గర ముడుచుకుంటున్నాయి. నేను చెప్పులు విడిచి, ఇసుకలోకి నడిచి, విస్తరికి కొంచెం దూరంలో ఆగాను. తీగ మీది పెద్ద కాకి తల పక్కకు వంచి చూసింది.

"సాగర్" అన్నాను. నా గొంతు అతడు వెక్కిరించినట్టుగానే, వార్తలు చదువుతున్నట్టుగానే ఉన్నది. "నీకు మందు అమ్మినవాడు జైలులో ఉన్నాడు. నేను స్వయంగా చూశాను. నువ్వు తిను నాయనా."

నేను ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. చివరకు రామవ్వ నిట్టూర్చి, పిట్ట ముట్టని ఆకును గోదావరిలో వదలాలని చెప్పి, వంగి విస్తరి అంచులు పట్టుకున్నది. కాకి తీగ మీదే ఉన్నది.